ఉగ్గుగిన్నెంత కాఫీ

మా ఆయనకు నాలుక చెడింది. ఇది డాక్టరు చెప్పిన జబ్బు కాదు, నేను చెబుతున్నది. మా నాపరాళ్ళ పాలిషింగు ఫ్యాక్టరీకి యంత్రం చూసుకోవడానికని ఇటలీకి, అక్కడినుంచి రాళ్ళు కోసే బ్లేళ్ళ బేరానికని జర్మనీకి వెళ్ళి, నెల తిరక్కుండా ఇంటికొచ్చిన మనిషికి కడపలో ఏదీ నోటికి పట్టకుండా పోయింది. తెచ్చిన యంత్రం ఎన్నోసార్లు పాడైంది, ఎన్నోసార్లు బాగైంది. ఆయన నాలుక మాత్రం బాగవలేదు.

పొద్దున్నే కాఫీ ఇస్తే తాగరు. ముందు వాసన చూస్తారు. తర్వాత గ్లాసు వంచి రంగు చూస్తారు. అప్పుడు నా ముఖం చూస్తారు, నేనేదో విషం కలిపినట్టు. "ఇందులో చికోరీ ఎంత ఉందో తెలుసా?" అంటారు. తెలుసు. పొట్లం మీదే రాసి ఉంటుంది. పెళ్ళయిన నాటినుంచి ఆ పొడితోనే కాఫీ పెడుతున్నాను, ఆయన తాగుతున్నారు, అప్పుడు లేని చికోరీ ఇప్పుడెక్కడినుంచి వచ్చింది?

హోటలుకు వెళ్ళడమంటే ఇంకా అవమానం. బస్టాండు దగ్గర ఒకసారి సర్వరును నిలబెట్టి అడిగారు. "ఏమప్పా, ఇది గింజలు పొడి చేసిందా, డబ్బా పొడా?" ఆ పిల్లగాడు బిత్తరపోయి, "మిషిన్లోంచి వస్తాది సార్, బటన్ ఒత్తితే వస్తాది. యాడనుంచి వస్తాదో నాకేం తెలుసు?" అన్నాడు. పక్క టేబులు వాళ్ళు నవ్వారు. నేను చీర కొంగు సర్దుకుంటూ కిటికీలోంచి బస్సులు చూశాను.

నన్ను మండించేది ఏమిటంటే, ఆయన చెప్పేది పూర్తిగా తప్పు కాదు. కాఫీ చెడిపోయిన మాట నిజమే. నేను కర్నూలులో పెరిగాను. మా నాయన వారానికోసారి పాతూరులో మర పెట్టుకున్న కొట్టుకు పోయి, గింజలు వేయించి పొడి కొట్టించుకొని వచ్చేవాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే మాకు వాసన తెలిసేది. ఇత్తడి ఫిల్టరు, బర్రె పాలు, పైనుంచి కిందికి తిరగబోసిన నురగ. ఇప్పుడు అదే కర్నూలులో ఏ ఇంటికి పోయినా పొట్లం కత్తిరించి వేడి పాలల్లో దులిపి ఇస్తారు. చక్కెర కూడా అందులోనే కలిసి ఉంటుంది. ఎవరికెంత కావాలో అడిగే పని కూడా లేకుండా చేశారు. కడపలో ఈమధ్య ఏసీ కాఫీ షాపులు వచ్చాయి. పాల మీద ఆకు బొమ్మ వేసి ఇస్తారు. పిల్లలు ఆ బొమ్మను ఫొటో తీసుకునేలోగా కాఫీ చల్లారిపోతుంది. చల్లారిన దాన్నే మహదానందంగా తాగుతారు.

అట్లాగని పాతకాలం కాఫీ అమృతం అనేవాళ్ళను చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో మొదటి డికాక్షను మా నాయనకు, ఇంటికొచ్చిన మగవాళ్ళకు. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి దించిన రెండోది మా అమ్మకు, నాకు. మూడోసారి దించింది పనివాళ్ళకు. అది చూడ్డానికి ఏట్లో వాన నీళ్ళు వచ్చినట్టుండేది. పాతరోజుల కాఫీని పొగిడేవాళ్ళను ఎవరినైనా అడిగి చూడండి, అందరూ మొదటి డికాక్షను తాగినవాళ్ళే.

సరే, కాఫీతోనే ఆగి ఉంటే నేను ఇదంతా రాసేదాన్ని కాదు. గొడవ బీరుతో మొదలైంది.

ఆయన ఆ దేశాలనుంచి వచ్చిన కొత్తలోనే కర్నూలులో మా అన్న ఇల్లు కట్టుకున్నాడు. నాకున్నది ఒక్కడే అన్న. అమ్మానాయనా పోయాక నాకు పుట్టిల్లంటే ఆ మనిషే. గృహప్రవేశం అయిన మర్నాడు సాయంత్రం మగవాళ్ళంతా మిద్దెపైకి చేరారు. మా అన్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో ఐసుగడ్డలు వేయించి, బీరు సీసాలు ముంచి పెట్టించాడు. కర్నూలు ఎండలో రెండు రోజులుగా వంటవాళ్ళ వెంట, పురోహితుడి వెంట తిరిగిన మనిషి. తన చేత్తో ఒక్కొక్కరికి గ్లాసులో పోసి అందిస్తున్నాడు. మా ఆయనకు అందరికంటే ముందు పోశాడు, ఇంటి అల్లుడని.

మా ఆయన ఒక గుక్క తాగారు. అక్కడితో ఊరుకోవచ్చు కదా! జర్మనీలో బీరుకు బార్లీ, నీళ్ళు, ఏదో తీగకు పూసే పువ్వు తప్ప వేరేది వేయరని, నురగ వేలెడు మందాన నిలబడుతుందని, అంత చల్లగా తాగితే నాలుక మొద్దుబారి ఏ చెత్త తాగినా తెలియదని పాఠం మొదలుపెట్టారు. మా అన్న నవ్వుతూనే, "మన ఎండకు సీసాకు చెమట పట్టల్ల బావా, అంతే. రుచి ఎవునికి గావల్ల?" అన్నాడు. దానికి ఈయన, "గాడిదకేం తెలుసు గంధం వాసన" అని, గ్లాసులో మిగిలింది పక్కనున్న కరివేపాకు కుండీలో పోసేశారు.

ఇదంతా మా వదిన తర్వాత చెప్పింది. మా వైపు ఒకరు తమ చేత్తో పోసిన దాన్ని వద్దనుకుంటే పక్కన పెడతారు, పడుకునే దాకా అట్లాగే పట్టుకొని తిరుగుతారు, అంతేగాని వాళ్ళ కళ్ళముందు మట్టిలో పోయరు. ఆ పని పగవాడు కూడా చేయడు. మా అన్న కేకలు వేయలేదు. "నా ఇంట్లో నా చేత్తో పోసింది మట్టిలో పోసినావు బావా. బాగుండాది" అని కిందికి దిగి వచ్చేశాడు. ఆ 'బాగుండాది' వదిన నోట విన్నప్పుడే నాకు అర్థమైంది, ఇక చాలాకాలం బాగుండదని.

"నేను అన్నది బీరును, మీ అన్నను కాదు" అని ఈయన వాదన. కడపకు వచ్చేదాకా కారులో అదే మాట. తర్వాత ఏళ్ళ తరబడి అదే మాట. ఫోన్ చేసి ఒక్కసారి తప్పయిందనండి అంటే, "బీరు బాగాలేదన్నందుకు తప్పయిందని అనాలా?" అంటారు. అక్కడ మా అన్నేమో, "ఆయప్ప ఇంట్లో నేను పచ్చినీళ్ళు ముట్టను" అని కూర్చున్నాడు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కను. మా అమ్మ సంవత్సరీకానికి ఒక్కదాన్నే బస్సెక్కి పోయి ఒక్కదాన్నే వచ్చాను. ప్రతి ఒక్కరూ "మీ ఆయన రాలేదా?" అని అడగడం, అడిగి మా అన్న ముఖం చూడడం. మరుసటేడు పోలేదు. పుట్టింటికి పోవడమే మానేశాను. ఒక గ్లాసు బీరు కోసం!

ఆ కోపంతోనే, రెండోసారి ఆయన ఇటలీకి వెళుతుంటే నేనూ వస్తానన్నాను. నా పుట్టింటిని మింగిన ఆ రుచులేవో నా నాలుకతోనే తేల్చుకోవాలనిపించింది. ఏళ్ళ తరబడి పొగిడిన కాఫీ అంగడికి ఆయన నన్ను చెయ్యి పట్టుకొని లాక్కుపోయినంత పని చేశారు. తీరా పోతే, అక్కడ కాఫీ చేసేవాడని ఆయన చెప్పిన ముసలాయన లేడు. కొత్తవాళ్ళెవరో నడుపుతున్నారు. చిన్న ప్లాస్టిక్ డబ్బీ లాంటిది యంత్రంలో పెట్టి బటన్ ఒత్తారు, కాఫీ వచ్చింది. ఆయన ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టేశారు. "మన బస్టాండులో కూడా బటనే కదా" అన్నాను. దూరపు కొండలు నునుపు అని కూడా అన్నాను. ముఖం మాడ్చుకున్నారు. నాకు ఆరోజంతా హాయిగా ఉంది.

మర్నాడు పక్క వీధిలో వేరే అంగడిలో దొరికింది అసలుది. నిలబడే తాగాలి. కుర్చీలు లేవు. మా ఊళ్ళో పసిపిల్లలకు ఉగ్గు పోసే గిన్నెంత కప్పు, అందులో సగం. మొదటి గుక్కకు నాకు కషాయం తాగినట్టయింది. కళ్ళు మూసుకొని మింగాను. అక్కడినుంచి జర్మనీకి పోతే, మధ్యాహ్న భోజనం దగ్గర నా ఈడు ఆడవాళ్ళు బీరు గ్లాసులు ముందు పెట్టుకొని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆయన బలవంతం మీద రెండు గుక్కలు తాగాను. గోధుమ రొట్టె వాసన వచ్చింది. చేదు చివర్లో వచ్చింది. ఎట్లుందని అడిగితే, "ఏముంది, మందులాగుంది" అన్నాను. ఆ తృప్తి ఆయనకు ఇవ్వదలుచుకోలేదు. ఈ సంగతి మా పుట్టింటి వైపు ఎవరికీ తెలియదు, చదివితే ఇప్పుడే తెలియడం.

తిరిగొచ్చాక ఆయన వంటింట్లోకి ఒక యంత్రం కొన్నారు. నా మిక్సీ ఉండే చోట అది కూర్చుంది. మిక్సీ బియ్యం డ్రమ్ము మీదికి పోయింది. చిక్కమగళూరు నుంచి గింజలు తెప్పించుకుంటారు, త్రాసులో తూచి, అప్పటికప్పుడు పొడి చేసి, ఒక్కోసారి పారబోసి మళ్ళీ చేస్తారు. నా పాత పొడి డబ్బా పనిమనిషికి ఇచ్చేశారు, నన్నడగకుండా. ఎవరితో ఎన్నని కొట్లాడేది? ఆయన పెట్టిందే తాగడం మొదలుపెట్టాను. ఆయన తృప్తి కోసం తాగుతున్నాననే అనుకున్నాను.

ఇట్లా ఉండగా, ఈ ఎండాకాలం మా అన్న కూతురికి పెళ్ళి కుదిరింది. దానికి నేను ఒక్కదాన్నే మేనత్తను. వదిన ఫోన్ చేసి గొంతు తగ్గించి చెప్పింది: "మీ అన్నను ఎట్లనో ఒప్పించినాను. బొట్టు పెట్టి పిలిచేదానికి వస్తాండాం. మీ ఇంట్లో మీ అన్న ఏమన్నా నోట్లో పోసుకుంటే పాతదంతా కడిగేసినట్టే. లేకుంటే కార్డు పోస్టులో వస్తాది, అంతే. చూసుకో పాపా."

మా వైపు ఇది పద్ధతి. మాటలు పోయిన ఇంటికి శుభకార్యం చెప్పడానికి వస్తే, ముందు ఆ ఇంట్లో ఏదో ఒకటి తాగాలి. ఆ తర్వాతే కుంకుమ భరిణె తెరవాలి. గొంతు తడుపుకోకుండా పెట్టిన బొట్టుకు విలువ లేదు. పోస్టులో వచ్చిన కార్డు పట్టుకొని మేనకోడలి పెళ్ళికి ఏ ముఖంతో పోను? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆయనకు గట్టిగా చెప్పాను, మీరు జర్మనీ మాట, ఇటలీ మాట ఎత్తితే నేను ఊరుకోనని. చిన్నపిల్లాడిలా తలూపారు.

వాళ్ళు వచ్చారు. అన్న జుట్టు బాగా తెల్లబడింది. బుట్టెడు బంగినపల్లి మామిడిపండ్లు తెచ్చాడు. "బాగుండావా పాపా?" అన్నాడు. ఈయనతో, "ఏం బావా" అన్నాడు. ఈయన కూడా "రా బావా, కూచో" అన్నారు. నా గుండె కుదుటపడింది. వదినకు పెట్టడానికి పళ్ళెంలో చీర, గాజులు సర్దుదామని పూజగదిలోకి వెళ్ళాను. అంతే, ఆ కాస్త సేపే.

బయటికి వచ్చేసరికి వంటింట్లో యంత్రం బుస్సుమంది. మా ఆయన మా అన్న ముందు ఉగ్గుగిన్నెంత కప్పు పెడుతున్నారు. ఆయన ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. ఇంట్లో ఉన్న అన్నిటికంటే మంచి గింజలు, అపురూపంగా దాచుకున్నవి, తీసి చేశారు. ఆయన దృష్టిలో అదే తప్పయిందని చెప్పడం. నోటితో చెప్పలేని మనిషి కాఫీతో చెబుతున్నారు.

మా అన్న కప్పు వంక చూశాడు. అడుగున నల్లగా, గుక్కెడు. తర్వాత నా వంక చూశాడు. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇస్తే గ్లాసు అంచుదాకా పోసి ఇస్తారు, పట్టుకుంటే చేతిమీద తొణకాలి. సగం పోసి ఇస్తే తొందరగా లేచిపొమ్మని అర్థం. ఇక అడుగున గుక్కెడు పోసి ఇస్తే దానికి ఏం అర్థమో చెప్పడానికి మాటే లేదు, అట్లా ఎవరూ ఇవ్వరు కాబట్టి.

"ఏం పాపా, ఇంట్లో పాలు అయిపోయినాయా?" అన్నాడు.

"పాలు వేస్తే దాని రుచి చచ్చిపోతుంది బావా" అన్నారు ఈయన. "ఇటలీలో ఇట్లాగే..."

అన్న ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మింగకుండా కాసేపు అట్లాగే ఉండి, జేబు రుమాలు తీసి, అందులో ఊసి, కప్పు కింద పెట్టాడు. "ఆపొద్దు నీకు నేను గ్లాసు నిండా పోసినా బావా. నువ్వు నాకు కొలిచి ఇచ్చినావు. శానా బాగుండాది." వదిన తెరవబోయిన కుంకుమ భరిణె మూత టక్కున మూసేసింది. "ఎండ ముదరక ముందే పోదాం పద" అంటూ అన్న లేచాడు.

మా ఆయన ఏదో చెప్పబోయారు, ఆ గింజలు ఏ కొండ మీద పండాయో కాబోలు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇద్దరి మీదా వచ్చింది. ఒకాయన నాలుక జర్మనీలో, ఇంకొకాయన నాలుక మిద్దెమీద ఆ డ్రమ్ములో. నా బతుకు వాళ్ళ గ్లాసుల్లో పడి మునుగుతోంది.

"కూచో అన్నా!" అని అరిచాను. నా గొంతుకు నేనే బెదిరాను. "నేను నీకు ఇంకా కాఫీ ఇయ్యలేదు. అది కాఫీ కాదు, ఆయన అరగడానికి తాగే మందు. మందు గిన్నెడు కాక చెంబెడు పోస్తారా? నా చేతి కాఫీ తాగకుండా గడప దాటితే నా మీద ఒట్టే."

అన్న నిలబడ్డాడు. కూర్చోలేదు, కానీ నిలబడ్డాడు. వంటింట్లోకి పరుగెత్తాను. పాలు పొయ్యిమీద పెట్టాక గుర్తొచ్చింది, ఇంట్లో మామూలు పొడి లేదు. త్రాసు ఉంది, యంత్రం ఉంది, ఖండాలు దాటి వచ్చిన కప్పులున్నాయి, మనిషికి ఒక గ్లాసు కాఫీ పెట్టే పొడి మాత్రం లేదు! పెరటి గోడ మీదనుంచి పక్కింటామెను పిలిచాను. ఆమె చర్చికి పోవడానికి తెల్లచీర కట్టుకొని తయారుగా ఉంది. నా ముఖం చూసి గబగబా లోపలికి పోయి గుప్పెడు పొట్లాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ పొట్లాలే, చక్కెర కూడా కలిసి ఉండేవి.

రెండు పొట్లాలు చింపి పోశాను. తిరగబోసి నురగ తెప్పించి, పెద్ద స్టీలు గ్లాసు అంచుదాకా నింపి, కింద గిన్నె పెట్టి తెచ్చి ఇచ్చాను. అన్న అందుకున్నాడు. అప్పుడు కూర్చున్నాడు. ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు, మళ్ళీ ఒకటి.

"ఇదీ కాపీ అంటే" అన్నాడు. "అమ్మ పెట్టినట్టే ఉండాది." వదిన భరిణె మూత తీసింది.

అన్న గ్లాసులోంచి సగం గిన్నెలోకి వంచి, గ్లాసు నాకిచ్చాడు. "తాగు పాపా. పొద్దుటినుంచి నువ్వేమీ తాగినట్టు లేదు."

తాగాను. నోటినిండా చక్కెర, దాని వెనక మాడిన వాసన, పాలపిండి జిడ్డు నాలుకకు అంటుకుంది. అమ్మ ఇట్లాంటిది ఎన్నడూ పెట్టలేదు. మా రెండో డికాక్షను కూడా దీనికంటే వెయ్యి రెట్లు నయం. కానీ అన్నకు తేడా తెలియడం లేదు. నాకు తెలుస్తోంది, ఆ గుక్క గొంతు దిగడం లేదు. ఇన్నేళ్ళూ ఆయన నాలుక ఒక్కటే చెడిందని అందరికీ చెప్పుకు తిరిగాను. ఆయన తృప్తి కోసమే ఆ చేదు తాగుతున్నానని అనుకున్నాను. పుట్టింటి తలుపు తెరుచుకున్న పూటే, ఆ ఇంటి కాఫీ నాకు సహించడం లేదని తెలిసింది.

"బాగుండాదా?" అన్నాడు అన్న.

"శానా బాగుండాదన్నా" అన్నాను.

తలెత్తితే మా ఆయన నన్నే చూస్తున్నారు. ఆ గదిలో నేను అబద్ధం చెప్పానని తెలిసిన మనిషి ఆయన ఒక్కరే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో రుచి విషయంలో ఆయన నోరు మూసుకొని ఉండడం అదే మొదటిసారి. వదిన లేచి నా నొసట బొట్టు పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఎందుకని అడిగింది. కాఫీ వేడిగా ఉందని చెప్పి, గ్లాసు అడుగు కనిపించేదాకా తాగాను.